చీటీలో నాలుగు వస్తువులు, ఇంటి పేరు ఒకటే: సాలిసిలేట్ మందుల్లో ఏది ఎవరికి?

మొన్న సాయంత్రం మా మెడికల్ షాపుకి ఒక బాబాయి గారు వచ్చి కౌంటర్ మీద చీటీ పెట్టారు. అందులో నాలుగే ఉన్నాయి. మోకాళ్ళకి నొప్పి బామ్, ఆయన రోజుకొకటి వేసుకునే 75 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ బిళ్ళలు, పిన్ని గారి కాలి ఆనెకాయకి ప్లాస్టర్, మనవరాలి మొటిమలకి ఫేస్‌వాష్.

"నాలుగింటిదీ ఒకే ఇంటి పేరు బాబాయ్" అన్నాను నవ్వుతూ.

"అయితే ఒకటి కొంటే సరిపోదూ?" అన్నారాయన.

హాస్యానికే అన్నా, పాతికేళ్ళుగా కౌంటర్ వెనక నిలబడి చూస్తున్న పొరపాట్లు చాలావరకు ఈ మాటలోనే ఉన్నాయి. పేరు ఒకటే కాబట్టి పని కూడా ఒకటే అనుకుంటారు కొందరు. పెట్టెలు వేరు కాబట్టి వీటికి ఒకదానితో ఒకటి సంబంధమే లేదనుకుంటారు ఇంకొందరు. ఆ ఇంటి పేరు సాలిసిలేట్, అంటే సాలిసిలిక్ యాసిడ్, దాని చుట్టాలు. వీటిని కొనేటప్పుడు ఈ రెండు భ్రమలూ ఖరీదైనవే. మందు ఎక్కడికి చేరాలి, చర్మం మీదికా, రక్తంలోకా, పెద్దపేగులోకా అన్నది ముందు తేల్చుకుంటే సగం ఎంపిక అయిపోయినట్టే. మిగతా సగం, ఆ మనిషికి అది పడుతుందా లేదా అన్నది.

కథ విల్లో చెట్టు బెరడు దగ్గర మొదలైంది. క్రికెట్ బ్యాట్లు చేసే చెట్టే అది. ఇంగ్లండ్‌లో ఎడ్వర్డ్ స్టోన్ అనే మతగురువు ఒకసారి ఆ బెరడు కొరికి చూశాడు. మలేరియా జ్వరాలకి అప్పట్లో వాడే సింకోనా బెరడంత చేదుగా తగిలింది. ఎండబెట్టి, పొడి కొట్టి, చలిజ్వరంతో ఉన్న 50 మంది దాకా ఇచ్చి, ఫలితం బాగుందని 1763లో రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు. 1828లో మ్యూనిక్‌లో బుక్నర్ అనే శాస్త్రవేత్త ఆ చేదు పదార్థాన్ని పసుపు స్ఫటికాలుగా విడదీసి సాలిసిన్ అన్నాడు. పదేళ్ళ తర్వాత పిరియా అనే రసాయనికుడు దాని నుంచి సాలిసిలిక్ యాసిడ్ తీశాడు. కీళ్ళవాతానికి అది బాగానే పనిచేసింది కానీ నోటితో మింగితే కడుపులో మంట, వాంతులు. దానికి ఒక అసిటైల్ ముక్క తగిలించి, మందుగా వాడదగ్గంత శుద్ధంగా 1897లో తయారు చేసినవాడు బేయర్ కంపెనీ రసాయనికుడు ఫెలిక్స్ హాఫ్‌మన్. 1899లో దానికి ఆస్పిరిన్ అని పేరు పెట్టారు. ఆ అసిటైల్ ముక్కని గుర్తుపెట్టుకోండి. బాబాయి గారి చివరి ప్రశ్నకి జవాబు అందులోనే ఉంది.

75 బిళ్ళ: ఎవరికి కావాలి, ఎవరికి అక్కర్లేదు

జనం దీన్ని "గుండె బిళ్ళ" అనీ "రక్తం పలచబడే బిళ్ళ" అనీ అంటారు. నిజానికి రక్తం పలచబడదు. రక్తంలో ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కుని గడ్డ కట్టే గుణం తగ్గుతుంది. ఆస్పిరిన్ తన అసిటైల్ ముక్కని ప్లేట్‌లెట్‌లోని ఒక ఎంజైమ్‌కి శాశ్వతంగా అంటించేస్తుంది. ప్లేట్‌లెట్‌కి కేంద్రకం లేదు కాబట్టి కొత్త ఎంజైమ్ తయారు చేసుకోలేదు. దాని ఆయుష్షు ఎనిమిది నుంచి పది రోజులు, అన్నాళ్ళూ అది మూగబోయినట్టే. చిటికెడు మోతాదు రోజుకొక్కసారి వేసుకున్నా సరిపోయేది అందుకే. ఈ మందులు శరీరంలో నొప్పీ వాపూ రగిల్చే ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాల తయారీని ఆపుతాయని 1971లో జాన్ వేన్ అనే శాస్త్రవేత్త చూపించాడు. 1982లో నోబెల్ అందుకున్న ముగ్గురిలో ఆయన ఒకరు.

బాబాయి గారికి స్టెంట్ వేశారు. గుండెపోటు వచ్చినవాళ్ళు, స్టెంట్ లేదా బైపాస్ అయినవాళ్ళు, రక్తం గడ్డకట్టడం వల్ల పక్షవాతం వచ్చి తగ్గినవాళ్ళు, వీళ్ళ విషయంలో వాదనే లేదు. డాక్టర్ ఆపమనేదాకా వేసుకోవాల్సిందే. పన్ను పీకించుకోవాలని సొంతంగా వారం ముందు ఆపేసి వచ్చేవాళ్ళని చూస్తే నాకు టెన్షన్. స్టెంట్ వేసిన మొదటి నెలల్లో అలా ఆపితే లోపల గడ్డ కట్టొచ్చు. పళ్ళ డాక్టర్‌కీ గుండె డాక్టర్‌కీ ఇద్దరికీ చెప్పాక వాళ్ళు ఏదంటే అది.

అసలు చిక్కు రెండో రకం వాళ్ళతో. ఏ జబ్బూ లేదు, "యాభై దాటింది కదా, ముందు జాగ్రత్తగా ఒకటి వేసుకుంటే మంచిదటగా" అని వస్తారు. ఒకప్పుడు డాక్టర్లు కూడా అలాగే అనేవారు. 2018లో వచ్చిన పెద్ద పరిశోధనలు ఆ మాటని మార్చేశాయి. ఆస్ప్రీ అనే అధ్యయనంలో ఆస్ట్రేలియా, అమెరికాల్లో గుండెజబ్బు లేని 19,114 మంది పెద్దవాళ్ళని తీసుకుని, సగం మందికి రోజూ 100 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఇచ్చారు. వాళ్ళలో ఎక్కువమంది డెబ్భై దాటినవాళ్ళే. గుండెకి చెప్పుకోదగ్గ లాభం కనపడలేదు. తీవ్రమైన రక్తస్రావాలు మాత్రం 38 శాతం పెరిగాయి.

షుగర్ ఉన్నవాళ్ళ సంగతేంటి? మనవైపు ఇదే అసలు ప్రశ్న. అదే ఏడాది వచ్చిన అసెండ్ అధ్యయనంలో షుగర్ ఉండి గుండెజబ్బు లేని 15,480 మందిని ఏడేళ్ళకు పైగా చూశారు. గుండెపోటు, పక్షవాతం లాంటివి ఆస్పిరిన్ వేసుకున్నవాళ్ళలో 8.5 శాతం మందికి, వేసుకోనివాళ్ళలో 9.6 శాతం మందికి వచ్చాయి. పెద్ద రక్తస్రావాలు వేసుకున్నవాళ్ళలో 4.1 శాతం, వేసుకోనివాళ్ళలో 3.2 శాతం. వెయ్యి మందిని లెక్కేస్తే పదకొండు మందికి మేలు, తొమ్మిది మందికి కీడు. దీన్ని లాభం అనాలో బదులు తీర్చడం అనాలో మీరే చెప్పండి. కడుపులో అల్సర్ వచ్చిన చరిత్ర ఉంటే ఆ లెక్క ఇంకా తిరగబడుతుంది. అందుకే డాక్టర్ చీటీ లేకుండా ముందుజాగ్రత్త బిళ్ళ అడిగితే నేను బీపీ, కొలెస్టరాల్ పరీక్షలు చేయించుకుని డాక్టర్‌ని అడగమని పంపేస్తాను. వ్యాపారం పోయినా నిద్ర పడుతుంది.

75కీ 150కీ తేడా పెద్దగా బుర్ర పాడు చేసుకోవాల్సినది కాదు. రాసినది వేసుకోండి, 75 దొరక్కపోతే 150ని సగం విరవకండి. ఈ బిళ్ళలకి కడుపులో కరగకుండా పేగుల్లోకి వెళ్ళాక కరిగే పూత ఉంటుంది, విరిస్తే ఆ పూత పోతుంది. పేరు చివర ఏవీ అనో గోల్డ్ అనో ఉంటే అది ఒంటి ఆస్పిరిన్ కాదు, కొలెస్టరాల్ మందో ఇంకో ప్లేట్‌లెట్ మందో కలిపినది. స్ట్రిప్ రంగు చూసి "ఇదే ఇదే" అని ఒకదాని బదులు ఇంకోటి తీసుకెళ్ళొద్దు.

రోజూ ఆస్పిరిన్ వేసుకునేవాళ్ళు నొప్పులకి ఐబుప్రొఫెన్ వేసుకుంటే ఒక తిరకాసు ఉంది. ఐబుప్రొఫెన్ ముందే వెళ్ళి ప్లేట్‌లెట్ ఎంజైమ్ దగ్గర కుర్చీ వేసుక్కూర్చుంటే ఆస్పిరిన్‌కి చోటుండదు. గుండెకి కావాల్సిన రక్షణ ఆ పూటకి పోతుంది. నొప్పికి పారాసిటమాల్ అయితే ఈ గొడవ లేదు.

ఛాతీలో బరువు, చెమటలు, ఎడమ చెయ్యి లాగడం, ఇలాంటప్పుడు మాత్రం ఆస్పిరిన్‌కి సాటి వచ్చేది ఇంట్లో ఇంకోటి ఉండదు. 1988లో వచ్చిన ఐసిస్-2 అధ్యయనంలో గుండెపోటు అనుమానంతో వచ్చిన 17,187 మందిని చూశారు. నెలరోజులు ఆస్పిరిన్ ఇచ్చినవాళ్ళలో మరణాలు 23 శాతం తగ్గాయి. 108కి ఫోన్ చేసి, వాళ్ళో డాక్టరో సరే అంటే 300 మిల్లీగ్రాముల మోతాదు, అంటే 75వి నాలుగు, నమిలి మింగాలి. పూత ఉన్న బిళ్ళయినా సరే నమలాలి, మింగితే కరిగేసరికి ఆలస్యం. మూతి వంకరపోయి చెయ్యి పడిపోతే మాత్రం ఆస్పిరిన్ ఇవ్వకండి. అది గడ్డ వల్లో, మెదడులో రక్తనాళం చిట్లడం వల్లో స్కాన్ తీస్తే తప్ప తెలియదు. రెండోదైతే చేతులారా చంపినట్టవుతుంది.

గర్భిణులకి ఆస్పిరిన్ రాశారని కంగారుపడి వచ్చే అత్తగార్లు ఉంటారు. బీపీ పెరిగే ప్రమాదం ఎక్కువగా ఉన్నవాళ్ళకి పన్నెండో వారం చుట్టుపక్కల మొదలుపెట్టి రాత్రిపూట చిన్న మోతాదు ఇవ్వడం ఇప్పుడు మామూలే. 2017లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో 150 మిల్లీగ్రాములతో, నెలలు నిండకముందే వచ్చే ప్రీఎక్లాంప్సియా, అంటే గర్భిణుల్లో బీపీ పెరిగే ఆ ప్రమాదకరమైన జబ్బు, 62 శాతం తగ్గింది. డాక్టర్ రాస్తేనే, చెప్పినన్నాళ్ళే.

జ్వరానికి, తలనొప్పికి

ఇక్కడ నా సలహా ఒక్క ముక్కలో అయిపోతుంది: పారాసిటమాల్. మన ఊళ్ళలో వానాకాలం జ్వరం వస్తే అది డెంగీ కాదని మొదటి రోజే ఎవరూ చెప్పలేరు. డెంగీలో అసలే ప్లేట్‌లెట్లు పడిపోతాయి, ఉన్నవాటిని కూడా ఆస్పిరిన్ మూగబోయేలా చేస్తుంది. నీళ్ళలో వేస్తే కరిగే తెల్ల బిళ్ళ, మన తాతల కాలం నుంచి తలనొప్పికి వాడుతున్న డిస్ప్రిన్ ఉంది చూశారా, అదీ ఆస్పిరినే. ఆ సంగతి తెలియక జ్వరానికి వేసుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. పదహారేళ్ళ లోపు పిల్లలకి అసలే వద్దు. ఫ్లూ, ఆటలమ్మ వచ్చినప్పుడు ఆస్పిరిన్ ఇస్తే కాలేయం, మెదడు దెబ్బతినే రైస్ సిండ్రోమ్ అరుదుగా వస్తుంది. మైగ్రేన్‌కి పెద్ద మోతాదు ఆస్పిరిన్ నిజంగా పనిచేస్తుంది కానీ అది డాక్టర్ చూసుకోవాల్సిన లెక్క. ముక్కులో కండ పెరిగి ఉబ్బసం ఉన్నవాళ్ళకి ఒక్క బిళ్ళతో ఊపిరాడకుండా పోవచ్చు. వాళ్ళు ఆ విషయం ప్రతి షాపులోనూ చెప్పాలి.

బామ్, జెల్, ఊటీ నూనె

తెలుగువాళ్ళకి బామ్ అనగానే కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన అమృతాంజనం గుర్తొస్తుంది. ఇప్పుడు మార్కెట్లో ఎన్ని ఉన్నాయో లెక్కలేదు. ఏది కొన్నా డబ్బా వెనక చూడండి. ఇంగ్లీషు మందుల్లో మిథైల్ సాలిసిలేట్ అనీ, ఆయుర్వేదం లైసెన్సువైతే గంధపూర తైలం అనీ ఉంటుంది. రెండూ దాదాపు ఒకటే. ఆ ఘాటైన తియ్యటి వాసన దానిదే.

బామ్ రాస్తే చర్మం వెచ్చబడి, ఆ వెచ్చదనం గోలలో లోపలి నొప్పి వినపడకుండా పోతుంది. కాలు బెణికినా, మెడ పట్టేసినా రెండు మూడు రోజులకి ఇది చాలు. మర్దనా చేసే చెయ్యి కూడా సగం మందే. మోకాళ్ళు అరిగి నెలల తరబడి నొప్పి ఉంటే మాత్రం డైక్లోఫెనాక్ జెల్ మేలు. దానికున్న రుజువు బామ్‌కి లేదు. రెండూ కలిపిన ట్యూబులు కూడా వస్తాయి, డైక్లోఫెనాక్‌తో పాటు 10 శాతం మిథైల్ సాలిసిలేట్, 5 శాతం మెంథాల్ ఉండేవి. అది రాస్తూ పైన ఇంకో బామ్ పూయడం దండగ. రాశాక వేడినీళ్ళ సంచి పెట్టడం, గట్టిగా క్రేప్ బ్యాండేజ్ చుట్టడం అంతకన్నా చెడ్డది, చర్మం కాలి బొబ్బలు వస్తాయి.

గుండె కవాటం మార్చినవాళ్ళు రక్తం గడ్డకట్టకుండా ఆపే వార్ఫరిన్ లాంటి మందుల మీద ఉంటారు. వాళ్ళు ఒళ్ళంతా బామ్ పూసుకుంటే చర్మం గుండా ఇంకిన సాలిసిలేట్ వల్ల ఐఎన్ఆర్ (రక్తం ఎంత ఆలస్యంగా గడ్డ కడుతోందో చెప్పే పరీక్ష అంకె) పెరిగి, తగలకుండానే నల్లగా కమిలిన మచ్చలు వస్తాయి. మా దగ్గరికి వచ్చే ఒక పెద్దాయన ముంజేతుల మీద అవి చూశాను. "రోజూ ఎంత రాస్తారు?" అంటే, "వారానికో డబ్బా" అన్నారు.

ఇక ఊటీ నుంచి తెచ్చే సీసాలు. అక్కడ కొట్లో పక్కపక్కనే రెండు నూనెలు పెడతారు. ఒకటి నీలగిరి తైలం, అంటే యూకలిప్టస్. రెండోది వింటర్‌గ్రీన్, ఆ కొండల్లో పెరిగే పొద ఆకుల నుంచి తీస్తారు. ఈ రెండోది దాదాపు మొత్తం మిథైల్ సాలిసిలేటే. ఒక టీస్పూను నూనెలో సుమారు 7 గ్రాముల ఆస్పిరిన్‌తో సమానమైన మందు ఉంటుంది. 75 బిళ్ళల్లో చెప్పాలంటే తొంభైకి పైనే. పసిపిల్లలకి ఒక్క టీస్పూను కూడా ప్రాణం మీదికి తెస్తుంది, పైగా మిఠాయి వాసన. ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే నా ఓటు బామ్ డబ్బాకే, నూనె సీసాకి కాదు. ఉన్న సీసాని దేవుడి గూట్లో నూనెల పక్కన మాత్రం పెట్టకండి.

చర్మానికి: శాతం చూసి కొనాలి

ఇక్కడ పని చేసేది అసిటైల్ తగిలించని సాలిసిలిక్ యాసిడే. ఎంత శాతం అన్నదాన్ని బట్టి అది సబ్బు అవుతుంది, కత్తి కూడా అవుతుంది.

బాబాయి గారి మనవరాలికి 2 శాతం ఫేస్‌వాష్ చాలు. ఇది నూనెలో కరిగే యాసిడ్, అందుకే జిడ్డు నిండిన రంధ్రాల్లోకి దిగి నల్లమచ్చ, తెల్లమచ్చ మొటిమల్ని వదిలిస్తుంది. ఎర్రగా చీము పట్టినవైతే బెంజాయిల్ పెరాక్సైడ్ మేలు, దిండు గలీబుల రంగు పోతుందని ముందే చెప్పుకోవాలి. చుండ్రుకి కూడా ఇలాంటి తేడానే. పొరలు పొరలుగా అట్టకడితే సాలిసిలిక్ షాంపూ, దురదతో మళ్ళీ మళ్ళీ వస్తే కీటోకొనజోల్.

3, 6 శాతాల దగ్గర జాగ్రత్త మొదలవుతుంది. 3 శాతం సాలిసిలిక్, 6 శాతం బెంజోయిక్ యాసిడ్ కలిపిన విట్‌ఫీల్డ్ ఆయింట్‌మెంట్ తామరకి పాతకాలపు చవక మందు. మండుతుంది, కానీ నిజాయతీగా పనిచేస్తుంది. అదే సాలిసిలిక్ యాసిడ్‌ని స్టెరాయిడ్‌తో కలిపిన ట్యూబులు సోరియాసిస్ కోసం. వీటిని తామరకి రాస్తే నాలుగు రోజులు హాయిగా ఉండి తర్వాత ఒళ్ళంతా పాకుతుంది. "పక్కింటివాళ్ళకి తగ్గింది, అదే ఇవ్వండి" అంటే నేను ఇవ్వను.

పులిపిర్లకి రాసే ద్రవాల్లో దాదాపు 17 శాతం, ఆనెకాయ ప్లాస్టర్లలో 40 శాతం ఉంటుంది. ఇంత గాఢతలో అది చర్మాన్ని మెత్తబరిచి, కరిగించి ఊడదీస్తుంది. ఏది ఆనె, ఏది మంచి చర్మం అని దానికి తెలియదు.

"పిన్ని గారికి షుగర్ ఉందా?" అని అడిగాను.

"పదేళ్ళ నుంచీ."

ప్లాస్టర్ వెనక్కి అరలో పెట్టేశాను. షుగర్‌తో పాదాలకి స్పర్శ తగ్గిన మనిషి ఆ ప్లాస్టర్ అంటించుకుంటే అది మంచి చర్మాన్ని తినేస్తున్నా నొప్పి తెలియదు. విప్పి చూసేసరికి తెల్లగా నానిన చర్మం మధ్య గుంట ఉంటుంది, అది మానక వేలు తీసేదాకా వెళ్ళిన కేసు నాకు తెలుసు. పిన్ని గారికి మెత్తటి చెప్పులు, ఆనె మీద ఒత్తిడి పడకుండా నురగ రింగు, ఒకసారి పాదాలు చూసే డాక్టర్. షుగర్ లేనివాళ్ళు ప్లాస్టర్‌ని ఆనె సైజుకి కత్తిరించి, పెట్టె మీద రాసినన్ని రోజులే ఉంచుకోవాలి.

పెద్దపేగుకి

దీని గురించి అడిగేవాళ్ళు తక్కువ, అడిగినవాళ్ళకి మాత్రం బాగా అవసరం. పెద్దపేగు లోపల పుళ్ళు పడే అల్సరేటివ్ కొలైటిస్‌లో రక్తవిరేచనాలకి వాడే మెసలమైన్ కూడా సాలిసిలేటే. దానికన్నా ముందు వచ్చినది సల్ఫాసలజైన్. స్వీడన్ డాక్టరమ్మ నన్నా స్వార్ట్స్ కీళ్ళవాతం కోసం దాన్ని చేయించింది, పేగులకి కూడా పనికొచ్చింది. పెద్దపేగులోని సూక్ష్మజీవులు దాన్ని రెండు ముక్కలు చేస్తాయి, అందులో ఒకటి మెసలమైన్. పేగుకి పనిచేసేది ఆ ముక్కేనని 1977లో తేలింది. కాబట్టి కొలైటిస్ ఒక్కటే ఉంటే మెసలమైన్ సుఖం, జబ్బు పేగు చివరి భాగంలోనే ఉంటే బిళ్ళకన్నా మలద్వారంలో పెట్టుకునే సపోజిటరీ ఇంకా సూటిగా తగులుతుంది. కొలైటిస్‌తో పాటు కీళ్ళ వాపులు కూడా ఉంటే సల్ఫాసలజైన్ ఒకే దెబ్బకి రెండు పిట్టలు, ధర కూడా తక్కువ. కానీ సల్ఫా మందులు పడనివాళ్ళకి వద్దు, మూత్రం నారింజ రంగులో వస్తుంది, పిల్లల కోసం ప్రయత్నిస్తున్న మగవాళ్ళలో వీర్యకణాలు తగ్గిస్తుంది, ఆపితే మళ్ళీ పెరుగుతాయి.

అమెరికా వెళ్ళిన అమ్మానాన్నలకి కడుపు పాడైతే పిల్లలు ఇచ్చే గులాబీ రంగు సిరప్, పెప్టో బిస్మాల్, అదీ ఈ కుటుంబమే. తాగాక నాలుక, మలం నల్లబడితే భయపడక్కర్లేదు. కానీ ఆస్పిరిన్ పడనివాళ్ళు దాని జోలికి పోవద్దు, రోజూ 75 వేసుకునేవాళ్ళు డాక్టర్‌ని అడగాలి.

అమెరికా మాట వచ్చింది కాబట్టి బాబాయి గారి చివరి ప్రశ్న. బిల్లు వేస్తుంటే జేబులోంచి ఒక సీసా తీశారు. అబ్బాయి పంపాడట. విల్లో బెరడు క్యాప్సూల్స్. "ఇది చెట్టుది కదా, సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు, బిళ్ళ మానేసి ఇదే వేసుకోనా?"

బెరడులో ఉన్నది సాలిసిన్. ఒంట్లోకి వెళ్ళాక సాలిసిలిక్ యాసిడ్ అవుతుందే తప్ప ఆస్పిరిన్ అవదు. అసిటైల్ ముక్క లేదు కాబట్టి ప్లేట్‌లెట్‌ని ఆస్పిరిన్‌లా కట్టిపడేయలేదు, స్టెంట్‌ని కాపాడలేదు. నడుంనొప్పికి కొంత పనికొస్తుందని పరీక్షలు ఉన్నాయి, అంతవరకే. పైగా ఆస్పిరిన్ పడనివాళ్ళకి ఇదీ పడదు.

"అయితే బిళ్ళ బిళ్ళే. ఇది నడుముకి వాడుకుంటాను" అన్నారు.

"రెండూ కలిపి మాత్రం కాదు బాబాయ్. ఎల్లుండి గుండె డాక్టర్ దగ్గరికి వెళ్తున్నారుగా, సీసా పట్టుకెళ్ళి చూపించండి. అప్పటిదాకా మూత తీయకండి."